వేడెక్కితే మొరాయించే యంత్రం

పిల్లలూ, ముందుగా మీకొక చిక్కు ప్రశ్న.

ఒక యంత్రం ఉన్నది. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, దాని తాడు రెండుసార్లు లాగితే చాలు, బుర్రుమంటూ లేచి పని చేస్తుంది. ఒక గంట పని చేశాక దాన్ని ఆపి, మంచినీళ్లు తాగివచ్చి మళ్లీ తాడు లాగితే మాత్రం లేవదు. పదిసార్లు లాగినా లేవదు, ముప్పైసార్లు లాగినా లేవదు. లాగేవాడి భుజం నొప్పి పుడుతుందే గాని యంత్రం ఉలకదు, పలకదు. విసుగెత్తి దాన్ని చెట్టుకింద పడేసి, అన్నం తిని, ఒక కునుకు తీసి వచ్చి లాగితే, ఏమీ ఎరగనట్టు రెండు లాగులకే లేస్తుంది! యంత్రం కొత్తది. దానిలో విరిగిందీ లేదు, అరిగిందీ లేదు. మరి దాని జబ్బేమిటి?

జవాబు ఇప్పుడే చెప్పను. ఈ జబ్బును మా ఇంట్లో ఎలా కనిపెట్టారో చెబుతాను. మీరు కూడా ఆలోచిస్తూ రండి. ఆనవాళ్లన్నీ దారిలోనే దొరుకుతాయి.

మాది రాయచోటి. ఊరి పక్కన మాండవ్య నది ఉన్నది. నది అన్న మాటే గాని, ఏడాదిలో చాలా నెలలు అందులో ఇసకే కనిపిస్తుంది. వానను నమ్ముకుని బతికే మెట్టసీమ మాది. వేరుశనగ, మామిడి, గొర్రెలు, మేకలు - ఇవీ మావాళ్ల బతుకుతెరువులు. నాలుగు చినుకులు పడితే మాకు పండగే. అయితే వానకు పైరొక్కటే లేవదు, గడ్డి కూడా లేస్తుంది. మామిడి తోటలో చెట్ల నడుమ మోకాలెత్తు కలుపు పెరిగి, నేలలో ఉన్న కాస్త తేమనూ తాగేస్తుంది. ఎండలు ముదిరి ఆ గడ్డి ఎండిపోయిందంటే, ఒక్క నిప్పురవ్వ చాలు తోటంతా కాలిపోవటానికి. అందుచేత తోట ఉన్నవాళ్లు వానలు వెనక పట్టగానే గడ్డి కోయించక తప్పదు.

గొర్రెల మందను తోలితే సరిపోదా అని మీరు అడగవచ్చు. పెద్ద చెట్ల తోటలో అయితే సరిపోతుంది. లేతమొక్కల తోటలో తోలితే, గొర్రెలూ మేకలూ గడ్డితోపాటు మామిడి చిగుళ్లు కూడా తినేసి పోతాయి. గడ్డిలో ఏది కలుపు, ఏది మొక్క అన్న విచక్షణ వాటికి లేదు కదా!

గడ్డి కోయటానికి యంత్రం కావాలని మొదట తోచిన వాడు ఇంగ్లండులోని స్ట్రౌడ్ పట్టణం దగ్గర ఉండిన ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన. ఆ దేశంలో ధనికుల బంగళాల ముందర పచ్చిక మైదానాలు ఉండేవి. వాటిని గొర్రెలన్నా మేయాలి, మనుషులన్నా కొడవళ్లతో కోయాలి. బడ్డింగ్ ఉన్నితో గుడ్డలు నేసే మిల్లులో ఒక యంత్రాన్ని చూశాడు. అది గుడ్డమీద లేచి ఉన్న నూగును నున్నగా కత్తిరిస్తుంది. గుడ్డమీద నూగును కత్తిరించగలిగితే, నేలమీద గడ్డిని ఎందుకు కత్తిరించకూడదు అని ఆయనకు తోచింది. 1830 లో గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు.

ఆ యంత్రం చదునైన నేలమీదనే నడుస్తుంది. రాళ్లూ, గట్లూ, చెట్ల మొదళ్లూ ఉన్నచోట దాని ఆట సాగదు. ఈ చిక్కును తీర్చినవాడు అమెరికాలో హ్యూస్టన్ నగరవాసి అయిన జార్జ్ బల్లాస్. 1971 లో ఆయన కార్లు కడిగే చోట గిరగిరా తిరిగే పెద్ద బ్రష్షులు చూశాడు. ఆ బ్రష్షులు కారు మూలమూలనూ రుద్దుతున్నాయి గాని, రంగును పాడుచెయ్యటం లేదు. ఆయన ఇంటికి వచ్చి ఒక డబ్బాకు చిల్లులు పెట్టి, చేపలు పట్టే నైలాను తీగ ముక్కలు వాటిలో దూర్చి, ఆ డబ్బాను గిరగిరా తిప్పే యంత్రానికి బిగించాడు. తీగ గడ్డిని తెగనరికింది!

ఇవాళ మా రాయచోటి వైపు తోటల్లో కనిపించే గడ్డి మిషను ఆ సంతతిదే. దాన్ని భుజాన తగిలించుకుని పని చేస్తారు. పొడుగాటి గొట్టానికి ఒక కొసన చిన్న పెట్రోలు ఇంజను, రెండో కొసన గిరగిరా తిరిగే నైలాను తీగో, ఇనప బిళ్లో ఉంటుంది. బ్రష్ కట్టరు అంటారు.

మా అక్క కొడుకు అటువంటి మిషను ఒకటి కొన్నాడు. డబ్బు వాడిది కాదు. మా అక్క ఎన్నో నెలలు కట్టి, ఆఖరున ఎత్తుకున్న చీటీ డబ్బు అది. ఆ డబ్బుతో ఇంటి పైకప్పు బాగుచేయించాలని ఆమె అనుకున్నది. కొడుకు, "అమ్మా, ఈ మిషను ఉంటే తోట తోటకూ తిరిగి కూలికి గడ్డి కోస్తాను. ఒక ఏడాదిలో నీ డబ్బు నీకిస్తాను. కప్పు అప్పుడు వేయించుకుందాం," అన్నాడు. ఆమె ఒప్పుకున్నది.

మూడో రోజుకే వాడికి ఒక మామిడి తోట పని దొరికింది. ఆ రోజుననే మిషను మొరాయించటం మొదలుపెట్టింది. పొద్దున బాగా నడిచింది. నీళ్లు తాగటానికి ఆపితే మళ్లీ లేవలేదు. మధ్యాహ్నం దాకా లాగి లాగి వాడి అరచేతులు బొబ్బలెక్కాయి. భోజనం అయినాక లేచింది. మళ్లీ ఆపితే మళ్లీ మొండికేసింది. ఇలా రెండు రోజులు గడిచేసరికి, తోట యజమాని వచ్చి, "ఎల్లుండి చెట్లకు మందు కొట్టేవాళ్లు వస్తారు. రేపు సాయంత్రానికి గడ్డి అంతా పోవాల. నీతో కాదంటే ఇప్పుడే చెప్పు, వేరే వాళ్లను పిలుస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం నేను అక్క ఇంటికి వెళ్లేసరికి మిషను వాకిట్లో పడి ఉన్నది. చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. ఒకాయన, "కొత్త వస్తువు గదా, దిష్టి తగిలింటాది. నిమ్మకాయ కట్టండి," అంటున్నాడు. ఇంకొకాయన, "పెట్రోలు మంచిది కాదు, మార్చు," అంటున్నాడు. ఒక కుర్రవాడు, "ప్లగ్గు తీసి ఆ చిల్లులో కాస్త పెట్రోలు పోసి లాగన్నా, అదే లేస్తాది," అని సీసా కూడా తెచ్చాడు. అది మహా ప్రమాదం. వేడి ఇంజను మీద పెట్రోలు ఒలికితే భగ్గున మండుతుంది. ముందు ఆ సీసాను దూరంగా పెట్టించాను.

పక్కింటి పెద్దాయన ఒకరు, "మా బావి మీద ఆయిలింజను ఉండేటప్పుడు, చలికి లేయకుంటే గాలి పీల్చే గొట్టంలో రెండు చుక్కలు నూనె పోసి హ్యాండిలు తిప్పేవాళ్లం. అట్లా చేయి నాయనా," అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా సీమకు కరెంటు రాక మునుపు చాలా బావుల మీద ఆయిలింజన్లే నీళ్లు తోడేవి. కాని ఆ ఇంజను జాతి వేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1897 లో నడిపి చూపించిన రకం అది. దానికి ప్లగ్గూ ఉండదు, నిప్పురవ్వా ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. ఎద్దు వైద్యం కోడికి చేస్తే ఎలా?

మా మేనల్లుడు తల పట్టుకుని, "మామా, వీళ్లు చెప్పిండేవన్నీ ఒకేసారి చేసేస్తాను. ఏదో ఒకటి తగలకపోతుందా?" అన్నాడు.

అప్పుడు వాడి చెల్లెలు, ఆరో తరగతి చదువుతున్న పిల్ల, "అన్నీ ఒకేసారి చేస్తే, ఏది చేస్తే బాగయిందో ఎట్లా తెలుస్తాదన్నా? మళ్లా చెడిపోతే మళ్లా అన్నీ చేస్తావా?" అన్నది.

పిల్లలూ, ఆ మాటను జ్ఞాపకం పెట్టుకోండి. యంత్రాలను బాగుచేసే విద్య అంతా ఆ మాటలోనే ఉన్నది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చి, ఏమైందో చూడాలి. చూసిన దాన్ని రాసుకోవాలి. ఆ పిల్ల వెంటనే తన నోటు పుస్తకమూ, పెన్సిలూ తెచ్చుకుని కూర్చున్నది.

ఇంజను ఎలా పని చేస్తుందో తెలియకుండా దాని జబ్బు తెలియదు. అందుచేత ఆ సంగతి కాస్త చెబుతాను.

ఇంజను లోపల సిలిండరు అనే గుండ్రని గది ఉంటుంది. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది, సైకిలు పంపులో కడ్డీ ఆడినట్టు. పిస్టను మొదటిసారి కిందికి దిగేటప్పుడు గాలినీ, పెట్రోలు ఆవిరినీ లోపలికి పీలుస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఆ మిశ్రమాన్ని అదుముతుంది. సరిగ్గా ఆ సమయానికి ప్లగ్గు కొసన నిప్పురవ్వ పుట్టి, మిశ్రమం అంటుకుని, ఆ విసురుకు పిస్టను మళ్లీ కిందికి పోతుంది. తిరిగి పైకి వచ్చేటప్పుడు పొగను బయటికి తోసేస్తుంది. పీల్చటం, అదమటం, మండటం, వదలటం - ఈ నాలుగు అడుగుల పద్ధతిని 1862 లో బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు కాగితం మీద వర్ణించాడు. 1876 లో నికొలాస్ ఒట్టో అనే జర్మను చక్కగా పనిచేసే ఇంజను చేసి చూపించాడు. మా మేనల్లుడి మిషనులో ఉన్నది అరచేతిలో పట్టేటంత ఇంజనే అయినా, వేసేవి ఆ నాలుగు అడుగులే.

కనక ఇంజనుకు కావలసినవి మూడు: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ఈ మూడూ సమయానికి, సరైన పాళ్లలో అందాలి. పెట్రోలు ఎంత, గాలి ఎంత అని మీరు అడుగుతారు. ఒక పాలు పెట్రోలు సరిగా మండటానికి తూకంలో సుమారు 15 పాళ్లు గాలి కావాలి. అంటే, లీటరు పెట్రోలు మండాలంటే ఒక చిన్న గదిలో పట్టేటంత గాలి కావాలన్న మాట! ఇంకొక సంగతి: పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదు. దాని ఆవిరే గాలితో కలిసి మండుతుంది.

ఇక మన విచారణకు వద్దాం.

"అమ్మీ, ముందు మనకు తెలిసిందంతా రాయి," అన్నాను. ఆ పిల్ల అన్నను అడిగి ఇలా రాసింది: "ఒకటి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేస్తాది. రెండు, నడిచేటప్పుడు దానంతటది ఆగిపోదు, మనం ఆపితేనే ఆగుతాది. మూడు, ఆపిన వెంటనే లేయదు. నాలుగు, చాలాసేపు ఊరుకుంటే మళ్లా లేస్తాది."

ఈ నాలుగు వాక్యాలనూ మరొకసారి చదవండి. ప్రశ్న అడిగినప్పుడు మీకు చెప్పని ఆనవాలు ఒకటి వీటిలో ఉన్నది.

మొదట పెట్రోలు సంగతి చూశాం. టాంకులో సగానికి పైగా ఉన్నది. "మూతకు గాలిచిల్లు మూసుకుపోయిందేమో?" అన్నది మా మేనకోడలు. మంచి ప్రశ్నే. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదు. నూనె బయటికి వచ్చినకొద్దీ దాని చోటులోకి గాలి పోవాలి గదా! అందుకే అంగడివాడు డబ్బాకు రెండు చిల్లులు పెడతాడు. పెట్రోలు టాంకుకు కూడా గాలి పోవటానికి సన్నని దారి ఉంటుంది. అది దుమ్ముతో పూడిపోతే పెట్రోలు కిందికి దిగదు.

"అట్లా అయితే మిషను నడిచేటప్పుడే దగ్గి ఆగిపోవాల గదా? మనం ఆపేవరకూ బాగానే నడుస్తాది గదా?" అన్నది ఆ పిల్లే మళ్లీ, తాను రాసిన రెండో వాక్యం చూపిస్తూ. తన ప్రశ్నకు తానే జవాబు చెప్పుకున్నది! అయినా సందేహం ఉంచుకోకూడదని, ఇంజను చల్లబడేదాకా ఆగి, మూత కాస్త వదులుచేసి చూశాం. చిల్లు శుభ్రంగానే ఉన్నది. నోటు పుస్తకంలో "పెట్రోలు దారి బాగానే ఉన్నది" అని రాశాం.

తరవాత గాలి. గాలి పీల్చే చోట దుమ్మును ఆపటానికి ఒక మెత్తటి జల్లెడ ఉంటుంది. మా ఎర్రమట్టి దుమ్ము అందులో నిండితే ఇంజనుకు ఊపిరాడదు. విప్పి చూశాం. కొత్తది గదా, రెండు రోజుల దుమ్ము తప్ప మరేమీ లేదు. దులిపి, మళ్లీ పెట్టాం. "గాలి దారి కూడా బాగానే ఉన్నది."

ఇక నిప్పురవ్వ. మా మేనల్లుడు స్విచ్చి ఆపి, పానాతో ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ పిల్ల వంగి చూసి, "మామా, ఇది తడిసి ఉంది!" అన్నది. నిజమే. ప్లగ్గు కొస నీళ్లలో ముంచినట్టు తడిగా ఉండి, గుప్పున పెట్రోలు వాసన కొట్టింది.

మా మేనల్లుడు ఆశ్చర్యపోయాడు. "పెట్రోలు అందకనే లేయలేదని నేననుకుంటి. అందుకే ఇంకా ఇంకా లాగితిని," అన్నాడు.

పెట్రోలు అందక కాదు, ఎక్కువై లేవలేదు! లాగినకొద్దీ మరింత పెట్రోలు లోపలికి పోయింది. ప్లగ్గు తడిస్తే నిప్పురవ్వ సరిగా దూకదు. దూకినా, గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైన మిశ్రమం అంటుకోదు. పొయ్యిలో వేరుశనగ పొట్టు కుక్కి కుక్కి నింపితే ఏమవుతుంది? పొగ వస్తుంది గాని మంట రాదు. ఇంకా పొట్టు వేస్తే ఆ పొగ కూడా ఆగుతుంది. అప్పుడు మీ అమ్మ పొట్టు వెయ్యదు, కాస్త పొట్టు తీసేసి ఊదుగొట్టంతో ఊదుతుంది.

అయితే పెట్రోలు ఎక్కువ ఎందుకు పోయింది? "అబ్బీ, నువ్వు మిషను ఎట్లా లేపుతావో, స్విచ్చి ఆపే ఉంచి, మొదటినుంచీ చేసి చూపించు," అన్నాను. వాడు రబ్బరు బుడ్డిని నాలుగుసార్లు నొక్కాడు. పక్కన ఉన్న చిన్న మీటను పైకెత్తాడు. తాడు పట్టుకున్నాడు.

ఆ మీట పేరు చోక్. ఇంజను గాలి పీల్చే దారికి అడ్డంగా ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. చోక్ వేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. ఇంజనుకు గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఎందుకిలా చేశారు? చల్లటి ఇంజనులో పెట్రోలు త్వరగా ఆవిరి కాదు. చలికాలం ఉదయాన వాకిట్లో చల్లిన కళ్లాపి ఎంతసేపటికి ఆరుతుంది? అదే మన ఎండాకాలం మధ్యాహ్నం చల్లితే చూస్తూ ఉండగానే ఆరిపోతుంది. పెట్రోలూ అంతే. చల్లగా ఉన్నప్పుడు చాలా పెట్రోలు పంపితే అందులో కొద్ది భాగం ఆవిరై, మండటానికి సరిపోతుంది. ఇంజను వేడెక్కాక పంపిన పెట్రోలంతా ఆవిరవుతుంది. అప్పుడు కూడా చోక్ వేస్తే గాలికి చోటే ఉండదు.

"మళ్లా లేపేటప్పుడు కూడా చోక్ వేస్తావా?" అని అడిగాను.

"ప్రతిసారీ వేస్తాను మామా. అంగట్లో ఇట్లానే చూపించినారు," అన్నాడు వాడు.

అంగడివాళ్లు చూపింది తప్పు కాదు. వాళ్లు చూపినప్పుడు మిషను చల్లగా ఉన్నది. చల్లటి ఇంజనుకు అదే పద్ధతి. వేడి ఇంజనుకు వేరే పద్ధతి ఉన్నదని చెప్పాలని ఎవరికీ తోచలేదు. మా మేనకోడలు అట్టపెట్టె వెతికి, విప్పని కవరులో ఉన్న చిన్న పుస్తకం తెచ్చింది. అది ఇంగ్లీషులో ఉన్నది. ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివింది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు చోక్ వాడవద్దని అందులో ఒక వాక్యం ఉండనే ఉన్నది!

ఇప్పుడు మన చిక్కు ప్రశ్న విడిపోయింది గదా? అన్నం తిని, కునుకు తీసి వచ్చేసరికి మిషను ఎందుకు లేచేదో చెప్పండి చూద్దాం. ఆ వ్యవధిలో లోపలి పెట్రోలు ఆవిరై పోయింది, ప్లగ్గు ఆరింది. అంతేగాక ఇంజను చల్లబడింది గనక, చోక్ వెయ్యటం మళ్లీ సరైన పని అయి కూర్చున్నది!

అందరూ సంతోషించారు. కాని మా మేనకోడలు నోటు పుస్తకం మూయలేదు. "ఇది మనం అనుకుండేది గదా? చేసి చూస్తేనే గదా నిజమని తెలిసేది?" అన్నది.

మర్నాడు తెల్లవారకముందే అందరం తోటకు వెళ్లాం. మిషను చల్లగా ఉన్నది. చోక్ వేసి లాగితే రెండో లాగుకే లేచింది. లేవగానే చోక్ తీసేశాడు. అరగంట కోశాక ఆపి, నీళ్లు తాగి, చోక్ ముట్టకుండా లాగాడు. రెండో లాగుకు లేచింది. మళ్లీ అరగంటకు ఆపి లాగితే మొదటి లాగుకే లేచింది. మూడోసారీ అంతే. వాడి మొహం విప్పారింది.

"ఒక్కసారి చోక్ వేసి లాగు అన్నా," అన్నది చెల్లెలు.

"బాగుండేదాన్ని మళ్లా చెడగొట్టమంటావా? సాయంత్రానికి తోటంతా కావాల!" అన్నాడు వాడు.

"ఇవాళ దానంతటదే బాగయిందేమో! చోక్ వేస్తే చెడి, తీస్తే బాగయితేనే చోక్ వల్ల అని తెలుస్తాది. లేకుంటే రేపు వేరే తోటలో మొరాయిస్తే ఏం చేస్తావు?"

వాడు కాసేపు ఆలోచించాడు. సూర్యుడు అప్పటికే పైకి వచ్చాడు. ఒక్కొక్క నిమిషమూ వాడికి విలువైనదే. అయినా చెల్లెలి మాటలో న్యాయం ఉన్నది. వేడి ఇంజనుకు చోక్ వేసి లాగాడు. అది ఒక్కసారి దగ్గి ఊరుకున్నది. పది లాగులు లాగినా లేవలేదు! జబ్బు మళ్లీ వచ్చింది. ఆ పది లాగులూ పిల్ల లెక్కపెట్టి రాసుకున్నది.

ఇక మందు. వాడు చోక్ తీసేసి, గాలి బాగా పోయేటట్టు పెట్రోలు మీటను పూర్తిగా నొక్కి, మిషను కదలకుండా గట్టిగా అదిమిపట్టి, మేమందరం దూరంగా నిలబడ్డాక తాడు లాగాడు. చోక్ తీసి లాగితే ప్రతి లాగుకూ లోపలి తడి పెట్రోలు కొంత బయటికి పోయి, కొత్త గాలి లోపలికి వస్తుంది. ఎనిమిదో లాగుకు గుప్పున పొగ కక్కి మిషను లేచింది. అందుకూ లేవకపోయి ఉంటే, స్విచ్చి ఆపి, ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించవలసి వచ్చేది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకు తోట శుభ్రమయింది. యజమాని చెప్పిన మాట ప్రకారం కూలి ఇచ్చి, పక్క తోటవాళ్లకు కూడా వీడి సంగతి చెబుతానన్నాడు. వాడు ఆ డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. కప్పుకు కావలసినదానిలో అది ఎన్నో వంతో! కాని మా అక్క దాన్ని కళ్లకద్దుకుని దాచింది.

పిల్లలూ, మొరాయించే ప్రతి మిషనుకూ ఇదే జబ్బు అనుకోకండి. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, టాంకు మూత వదులుచేస్తే మళ్లీ నడిచే మిషనుకు గాలిచిల్లు జబ్బు. నెలల తరబడి టాంకులో పెట్రోలు నిలవ ఉంచిన మిషనుకు పాత పెట్రోలు జబ్బు. పెట్రోలులోని తేలిక భాగాలు ఎగిరిపోయి, మిగిలింది సన్నని దారుల్లో జిగురు కడుతుంది. ఇప్పుడు మన దేశంలో పెట్రోలులో ఎథనాలు కూడా కలుపుతున్నారు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది గనక, నిలవ పెట్టకపోవటం మరీ మంచిది. ప్లగ్గు పొడిగా ఉండి కూడా వేడిలో లేవకపోతే నిప్పురవ్వ పుట్టించే కాయిలు వేడికి పనిచెయ్యటం మానుతున్నదేమో మెకానిక్కు చూడాలి. గొప్ప ఎండల్లో ఇంకొక చిక్కు ఉన్నది: పెట్రోలులోని తేలిక భాగాలు సుమారు 40 డిగ్రీల వేడికే మరుగుతాయి. ఆపిన ఇంజను వేడి తగిలి పెట్రోలు దారిలో బుడగలు కట్టవచ్చు. అప్పుడు మిషనును నీడలో పెట్టి, చల్లారనిచ్చి, రబ్బరు బుడ్డిని నొక్కి కొత్త పెట్రోలు తెప్పిస్తే సరిపోతుంది. ఏ జబ్బు ఏదో చెప్పేది ఆనవాళ్లే గాని మన ఊహలు కావు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ మిషను పిల్లలు ముట్టవలసినది కాదు. మా మేనకోడలు చూసింది, అడిగింది, రాసింది. పానా పట్టిందీ, తాడు లాగిందీ పెద్దవాళ్లే. తిరిగే తీగకు రాళ్లు ఎగిరివచ్చి కళ్లు పోవచ్చు. వేడి ఇంజనును ఎండుగడ్డి మీద పెడితే తోటే తగలబడవచ్చు. ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పొయ్యరాదు.

కాని మిషను లేకుండానే మీరు చేసి చూడగల పని ఒకటి ఉన్నది. నీళ్ల గ్లాసులో ఒక సన్నని గొట్టం ముంచి, పైకొసను వేలితో మూసి, గొట్టాన్ని పైకి ఎత్తండి. నీళ్లు కింద పడవు. వేలు తీయండి, పడిపోతాయి. ఎందుకో ఆలోచించండి. నూనె డబ్బాకు రెండో చిల్లు ఎందుకో, టాంకు మూతకు గాలిదారి ఎందుకో మీకే తెలిసిపోతుంది. రేపు మీ ఇంట్లో కుళాయో, సైకిలో, టార్చిలైటో మొరాయిస్తే దాన్ని తిట్టకండి, కొట్టకండి. అది ఎప్పుడు పని చేస్తుంది, ఎప్పుడు చెయ్యదు అని ముందు రెండు వరసలు రాసుకోండి. తరవాత ఒక్కటంటే ఒక్కటే మార్చి చూడండి. సగం జవాబు ఆ రెండు వరసల్లోనే దొరుకుతుంది.